వెంట్రుకల తాడు

తెల్లారి దుకాణం తలుపులు తీసేసరికే కోడలి నెత్తిమీద రెండు చేపలు కొట్టుకుంటున్నాయి. ఒకటి చిన్నది, కుడిచెవి పైన ఊరికే గిలగిలలాడుతోంది. రెండోది నడినెత్తిన, బరువైనది, కిందికి కిందికి లాగుతోంది. కోడలు ఒక చేత్తో తలుపు చట్రం, ఇంకో చేత్తో చీపురు పట్టుకుని, పళ్ళు బిగించి కాసేపు అలా నిలబడింది. పాపం ఆ పెద్ద చేప అలిసిపోయాక ఊడవడం మొదలుపెట్టింది.

"ఏమే క్రాపూ, ఈవేళ ఎటువైపు పడుతున్నాయి?" గల్లాపెట్టె వెనకనుంచి అత్తగారు అడిగింది.

"నడినెత్తిన పెద్దది పడిందత్తయ్యా."

"నడినెత్తిది పడవల మేస్త్రీకి కదూ ఇచ్చాం? అయితే ఆనకట్ట కిందన్నమాట," అంటూ ఆవిడ సుద్దముక్క తీసుకుని గుమ్మం బయటి పలక మీద 'ఈరోజు ఆనకట్ట కింద' అని రాసి వచ్చింది. కొనేవాళ్ళకి అదొక సదుపాయం.

సరస్సు ఒడ్డున ఉన్న దుకాణం అది. వింటితో చేపలు కొట్టేవాళ్ళకి ఏం కావాలన్నా అక్కడ దొరికేది. గోడ పొడుగునా మేకులకి విళ్ళు, గాజుబీరువాలో రీళ్ళు, రేకు డబ్బాల్లో ములుకులు, మూలన గొట్టాల్లో నిలబెట్టిన బాణాలు. ఆ బాణాలకి ఈకలుండవు. నీళ్ళలోకి దిగే బాణానికి ఈక ఉంటే పక్కదారి పడుతుంది. వెనకగదిలో నీళ్ళతొట్టి, అందులో రబ్బరు చేప, కొనేవాళ్ళు గురి చూసుకోవడానికి. ఇదంతా ఏ దుకాణంలోనైనా ఉండేదే. దూరాలనుంచి మనుషులు ఇక్కడికి వచ్చేది మాత్రం తాడు కోసం.

బాణానికి తాడు కట్టి కొడతారు కదా, గుచ్చుకున్న చేపని లాక్కోవడానికి. ఆ తాడు తెగేది ఎప్పుడూ బాణం దగ్గరే, చేప రాళ్ళకేసి ఒరుసుకునే చోట. అక్కడ కోడలి జుట్టుని కొసకి కొస కలుపుతూ అల్లిన బారెడు ముక్క కడితే తెగదు. నైలాను తెగుతుంది, ఇనపతీగ తెగుతుంది, కోడలి జుట్టు తెగదు. కాకపోతే తలనుంచి కోసేశాక కూడా అది ఆవిడ జుట్టే. సరస్సులో ఏ మూల ఏ చేప లాగినా ఆ లాగుడు ఆవిడ నెత్తికి తెలిసిపోయేది. పొయ్యి దగ్గరుండగా పడితే గరిటె వదిలేసి గోడ పట్టుకునేది. నిద్రలో పడితే దవడ బిగుసుకునేది. పెళ్ళయిన కొత్తలో తలుపుసందులో ఇరుక్కున్న ఒక్క వెంట్రుక ఆ తలుపుని మూసుకోనివ్వలేదు. మొగుడు దాన్ని వేలికి చుట్టుకుని లాగి చూశాడు, వేలు తెగింది. ఆ వారమే కత్తెర తెచ్చాడు. ఆనాటినుంచీ ఆవిడ జుట్టు చెవులు దాటి పెరిగింది లేదు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ క్రాపే. క్రాపు వదిన, క్రాపు పిన్ని, మరీ చనువున్నవాళ్ళకి ఒట్టి క్రాపు.

వాళ్ళకొక కూతురు, ఏడేళ్ళది. ఆ పిల్ల దుకాణంలోకి వస్తే "ములుకులు తొక్కుతావు, అవతలికి పో" అని తండ్రి కసిరేవాడు. నాయనమ్మ అయితే పిల్లకేసి చూసేదే కాదు. అలాంటిది ఒకరోజు నాయనమ్మ పెరట్లో చీపురుకి చుట్టుకున్న పొడుగాటి వెంట్రుకని ఊడబీకబోతే అది ఎంతకీ రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. గోడవతల ఆడుకుంటున్న పిల్ల "అబ్బా! ఎవరది నా జుట్టు లాగింది?" అని అరిచింది.

నాయనమ్మకి సంగతి అర్థమైంది. ఆ సాయంత్రం నుంచీ పిల్లకి తలదువ్వడం తానే మొదలుపెట్టింది. పిల్లని తండ్రి ఎత్తుకుని బల్లమీద కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపించి, "మా బంగారుతల్లి" అనసాగాడు. పిల్ల మొహం ఎంత వెలిగిపోయేదనీ! తండ్రి ఆ మాట అన్నప్పుడల్లా కాళ్ళూపుకుంటూ, తల్లి విందో లేదోనని చుట్టూ చూసుకునేది.

తల్లి వినేది. విని, ఏదో ఒక పనిలో తలదూర్చేది.

*

ఒక శెలవురోజు పొద్దున పళ్ళ డాక్టరు వచ్చాడు. మెత్తటి చేతులు, మెత్తటి మాట, తళతళలాడే బూట్లు. ఆనకట్ట తూముల దగ్గర దూడంత మీసాల చేప ఒకటి తిరుగుతోందని, ఎవరి తాడునైనా తెంపుకుని పోతోందని అప్పటికి ఊరంతా గుప్పుమంది. వచ్చే నెలలో పోటీ కూడా ఉంది.

"నాకు చేపలు కొట్టడం రాదు," అన్నాడు డాక్టరు వస్తూనే, అదేదో బిరుదైనట్టు. "అందుకని సామాను మాత్రం మంచిది కావాలి."

"రానివాళ్ళకే కదండీ మంచి సామాను కావలసింది! వచ్చినవాడు చీపురుపుల్లతో కొడతాడు," అన్నాడు దుకాణదారు, అంటే కోడలి మొగుడు, కుర్చీ తుడిచి వేస్తూ.

డాక్టరు చెయ్యి తిన్నగా గోడమీద అన్నిటికన్నా పెద్ద నల్లటి వింటిమీదికి వెళ్ళింది.

"అయ్యయ్యో, అది అడవిపందికండీ. చేపకి అంత బలం దండగ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందసార్లు లాగాలి మీరు. మర్నాడు మీ భుజం లేవకపోతే జనం పళ్ళు ఎవరు పీకుతారు?" అని తేలికపాటి చెక్కవిల్లు తీసి చేతికిచ్చాడు. "ఇది లాగండి. అదీ! ఆగండాగండి, ఉత్త నారి వదలకండి! బాణం లేకుండా వదిలితే విల్లు చీలిపోతుంది. మెల్లిగా, ఎలా లాగారో అలాగే వెనక్కి పోనివ్వండి."

డాక్టరు అలాగే చేశాడు. మాట వినే మనిషే.

రీళ్ళ దగ్గర ఇద్దరికీ కాసేపు వాదన జరిగింది. డాక్టరుకి మీట ఉన్న రీలు నచ్చింది, నిగనిగలాడుతోంది. "అందంగానే ఉంటుంది. కొట్టేముందు మీట నొక్కడం మర్చిపోయారనుకోండి, తాడు ఆగిపోతుంది, బాణం తిరిగొచ్చి మీ మొహానికే తగులుతుంది. మీకు సీసా రీలే మంచిది. తాడు సీసాలో చుట్టలుగా పడి ఉంటుంది, బాణం వెంట దానంతటదే పోతుంది. మర్చిపోడానికి అందులో ఏమీ లేదు."

"బాణం ఇంత బరువేమిటి?"

"బరువుంటేనే నీళ్ళలోకి దిగుతుంది. తేలికది పైనే ఈదుతుంది. ఇదిగో, ఈ ములికి చూడండి. రెండు ముళ్ళు. లోపలికి వెళ్ళేటప్పుడు బుద్ధిగా మూసుకుంటాయి. వెనక్కి గుంజితే తెరుచుకుంటాయి. చేప ఎంత గుంజుకుంటే అంత తెరుచుకుంటాయి."

డాక్టరు ములికిని వెలుతురులోకి ఎత్తి, ముళ్ళని గోటితో తెరిచీ మూసీ ముచ్చటపడిపోయాడు. "ఎవడు కనిపెట్టాడోగానీ ఎంత ఓపికమంతుడండీ!"

తర్వాత తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి రబ్బరు చేపని చూపించారు. కనబడినచోట కొట్టకూడదని, నీళ్ళు కళ్ళని మోసం చేస్తాయని, చేప ఎప్పుడూ మనకి కనబడేదానికన్నా కిందే ఉంటుందని దుకాణదారు చెప్పాడు. డాక్టరు మూడుసార్లు తప్పి నాలుగోసారి కొట్టాడు. కొట్టగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు చరిచాడు.

"ఇక తాడు," అన్నాడు.

దుకాణదారు గొంతు తగ్గించి, బీరువా పై అరలోంచి కాయితంలో చుట్టిన కోడలి జుట్టు తాడు తీశాడు. డాక్టరు జేబులోంచి పళ్ళు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకుని, తాడుని పొడుగునా చూసుకుంటూ పోయాడు.

"ఇందులో తెల్లవెంట్రుకలు ఉన్నాయే."

దుకాణదారు గల్లాపెట్టె వైపు చూశాడు.

"ఉన్నాయండీ," అంది అత్తగారు గల్లాపెట్టె మీద చేతులు ముడుచుకుని. "వయసొస్తోంది కదా దానికి. మా మనవరాలిది ఉంది, ఇంకా కొయ్యలేదు. దానికి తల్లి జుట్టే వచ్చింది. పట్టుకుంటే పట్టులా ఉంటుంది."

మూల కూర్చుని బాణాలకి నూనెగుడ్డ రాస్తున్న కోడలు లేచి నిలబడింది. ఆ దుకాణంలో కొనేవాళ్ళ ముందు ఆవిడ నోరు విప్పడం అదే మొదటిసారి.

"నాది ఇంకా గట్టిగానే ఉందండీ డాక్టరుగారూ. కావాలంటే బరువు కట్టి చూడండి. నాది ఆగితే ఇక పిల్లదెందుకు?"

"న్యాయమైన మాట," అన్నాడు డాక్టరు.

*

దూలానికి కొక్కెం ఉంది. తాడు ఒక కొస దానికి కట్టారు, రెండో కొసకి ఇనపబొక్కెన. సీసపు గుళ్ళ సంచులు ఒక్కొక్కటే ఎత్తి బొక్కెనలో పెట్టడం మొగుడి పని. తూకం చెప్పడం అత్తగారి పని. కోడలు బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తండి, ఆపేస్తాం," అన్నాడు డాక్టరు, రోజూ అనే మాట కాబట్టి ఎంతో దయగా.

మొదటి సంచికి ఏమీ అనిపించలేదు. రెండోదానికి మాడు వెచ్చబడింది. మూడోది పెట్టాక కనుబొమలు పైకి లాగుకుపోయాయి, రెప్ప వెయ్యడం చేతకాలేదు. నాలుగోది పెట్టగానే కోడలు చెయ్యి ఎత్తింది.

"అయిపోయింది, అయిపోయింది," అన్నాడు డాక్టరు తాడునే చూస్తూ. "ఇంకొక్కటి."

అదీ పెట్టారు. కోడలి నోట్లో పళ్ళు కరకరమన్నాయి. డాక్టరు అటు తిరిగి, "దవడ అలా బిగించకండమ్మా, పళ్ళు అరిగిపోతాయి," అన్నాడు. అత్తగారు నవ్వింది. మొగుడు ఇంకో సంచి ఎత్తాడు.

సరిగ్గా అప్పుడు వీధిలోంచి పిల్ల పరుగెత్తుకొచ్చి, గడప తట్టుకుని, బోర్లా పడింది. "అమ్మా!" అని కేక వేసింది. రెప్పపాటు కాలం, అంతే, కోడలి ప్రాణం పిల్లమీదికి పోయింది. నెత్తి సంగతి మర్చిపోయింది.

తాడు మూడు పాయల అల్లిక. అందులో ఒక పాయ టప్పుమని తెగింది.

కోడలు మళ్ళీ పళ్ళు బిగించింది. బొక్కెన ఊగి, మిగిలిన రెండు పాయల మీద నిలిచింది. "అంచు గీరుకున్నట్టుంది," అన్నాడు మొగుడు. కాదని ఆవిడకొక్కదానికే తెలిసింది. వింతేమిటంటే, ఇన్నేళ్ళుగా తెలియనిది ఆ క్షణాన తెలిసింది. తెగకుండా ఉన్నది జుట్టు గొప్పతనం కాదు, తను పట్టుకుని ఉండబట్టి. జారిపోతున్న గిన్నెని అనుకోకుండానే పట్టుకుంటామే, అలా ఇన్ని చేపల్ని, పగలూ రాత్రీ, నిద్రలో కూడా తనే పట్టుకుని ఉంది. వదిలేస్తే ఎవరి జుట్టైనా తెగినట్టే తెగుతుంది.

బొక్కెన దించారు. కోడలు బల్ల మీదికి ఒరిగి ఊపిరి పీల్చుకుంది. నెగ్గానని అనుకుంది.

డాక్టరు తాడుని వేళ్ళ మధ్య నలిపి చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. "అద్భుతం. ఇన్నేళ్ళు వాడిన తల, తెల్లబడుతున్న జుట్టు, అదే ఇంత బరువు ఆపిందంటే..." అని, మోకాలు తుడుచుకుంటున్న పిల్లకేసి తిరిగి చిరునవ్వు నవ్వాడు. "ఇంకా ముట్టుకోని జుట్టు ఎంత ఆపుతుందో! నాకు ఆ పాపదే అల్లించండి. వచ్చే ఆదివారం వస్తాను. మళ్ళీ ఇలాగే బరువు కట్టి చూసి తీసుకుంటాను."

*

"ఏమండీ, అది పసిపిల్ల," అంది కోడలు ఆ మధ్యాహ్నం, మొగుడికి అన్నం పెడుతూ.

"అయితే?"

"చేప చచ్చేదాకా కొట్టుకుంటుందండీ. అంతసేపూ నెత్తిమీదే ఉంటుంది. బళ్ళో కూర్చున్నా ఉంటుంది, పడుకున్నా ఉంటుంది."

"అలవాటైపోతుంది," అన్నాడతను ముద్ద కలుపుకుంటూ. "నీకు కాలేదూ?"

ఆవిడ పిల్లతో చెప్పి చూసింది. పెరట్లో కూర్చోబెట్టుకుని, దారం ఒక కొస దాని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, "చూడమ్మా, నేను లాగుతాను. నువ్వు గట్టిగా పట్టుకోకు, వదిలెయ్యి. ఆదివారం కూడా అలాగే వదిలెయ్యాలి, ఏం?" అంది.

పిల్ల దారాన్ని పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుంది. "నేనెందుకు వదులుతాను? నాది నీ జుట్టుకన్నా గట్టిదని నాయనమ్మ చెప్పింది. గెలిస్తే రోజూ బల్లమీదే కూర్చోమంది."

"నొప్పెడుతుంది తల్లీ."

"నీకు నొప్పి. నేను నీలా చెయ్యి ఎత్తను," అంది పిల్ల. నాన్న అన్న మాటే అది, నాన్న గొంతుతోనే అంది.

కొయ్యడం అత్తగారు కోసింది, అల్లడం కోడలే అల్లింది. అల్లనని ఆవిడ అనకపోలేదు. "నువ్వు అల్లకపోతే నేనల్లుతాను. నా చూపు ఆనదు, పాడయితే మళ్ళీ కోస్తాను, కత్తెర చెవికి తగిలితే నన్నడగకు," అంది అత్తగారు. అల్లిక చెడగొట్టినా అంతే, మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ కోస్తారు. అందుకని కూతురి జుట్టుని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, మూడు పాయలు తీసి, మైనం పట్టించి అల్లింది. ఎంత మెత్తగా పట్టుకున్నా ముడి బిగించినప్పుడల్లా పక్కగదిలో పిల్ల "స్స్" అనేది. అన్నాక, తనేమీ అననట్టు పాటలు పాడేది.

*

ఆదివారం డాక్టరు చెప్పిన వేళకే వచ్చాడు. పడవలవాళ్ళు ఇద్దరు, పక్క దుకాణం టైలరు కూడా చూడ్డానికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. పిల్లకి కొత్త గౌను తొడిగి, కుంచెలా మిగిలిన జుట్టుకి రిబ్బను కట్టి, బల్లమీద కూర్చోబెట్టింది నాయనమ్మ. తండ్రి దాని వీపు మీద చెయ్యి వేసి, "మా బంగారుతల్లి కాదూ! పరువు నిలబెట్టాలి," అన్నాడు.

కోడలు ఎదురుగా, తొట్టిగది గుమ్మం దగ్గర నిలబడింది.

"పాపా, నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తు," అన్నాడు డాక్టరు.

"ఎత్తను," అంది పిల్ల. పడవలవాళ్ళు శభాష్ అన్నారు.

మొదటి సంచి పెట్టారు. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఇదన్నమాట, అన్నట్టు ఒక్కసారి నాయనమ్మకేసి చూసింది, కానీ ఏమీ అనలేదు. రెండోది పెట్టారు. గౌను అంచుని గుప్పిట్లో పట్టుకుంది. మూడోది పెట్టారు. కనుబొమలు పైకి పోయాయి, బుగ్గలు పొంగాయి, పెదాలు ముందుకొచ్చి సున్నాలా చుట్టుకుపోయాయి. ముక్కుతో ఊపిరి బుస్సుబుస్సుమంటోంది.

"ఆగుతోందండీ! తల్లికి మూడింటికే మొహం కందిపోయింది, దీనికి చూడండి," అన్నాడు తండ్రి ఉత్సాహంగా. నాలుగోది పెట్టారు. తాడు తీగలా మోగింది. డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు, ఒక్క పాయ కూడా చెదరలేదు.

కోడలు చెయ్యి ఊపింది, వదిలెయ్యమని. పిల్ల చూసింది. తల అడ్డంగా ఊపే ఓపిక లేక కళ్ళు మాత్రం అడ్డంగా తిప్పింది. ఆ కళ్ళు మళ్ళీ తల్లిమీదే వచ్చి ఆగాయి. ఎంత బాగా పట్టుకున్నానో చూశావా, అంటున్నట్టున్నాయి. మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తున్నాయి.

తండ్రి ఐదో సంచి ఎత్తాడు. అదీ ఆగితే ఇక అంతే. రేపటినుంచి ఆ చిన్న నెత్తిమీద సరస్సంతా కొట్టుకుంటుంది. పిల్ల ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడంలో తల్లిని మించుతుంది.

కోడలు నవ్వింది.

ఆ దుకాణంలో ఆవిడ నవ్వు ఎవరూ విని ఎరగరు, అందుకని అందరూ తిరిగి చూశారు. మొదట చిన్నగా నవ్వింది, తర్వాత వేలెత్తి పిల్లని చూపిస్తూ, పొట్ట పట్టుకుని, పెద్దగా నవ్వింది. "దాని మొహం చూడండి! అయ్యబాబోయ్, ఆ నోరు చూడండి! గట్టున పడ్డ చేపలా లేదూ? అచ్చం చేపే! ఇంత వికారపు మొహం నా కడుపున ఎలా పుట్టిందో!"

టైలరు ముందు నవ్వాడు. నిజంగానే పిల్ల నోరు చేప నోరులా ఉంది. తర్వాత పడవలవాళ్ళు నవ్వారు. డాక్టరుకి కూడా నవ్వు ఆగలేదు, జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వకూడదనుకుంటూనే తండ్రి కూడా నవ్వేశాడు.

పిల్ల చుట్టూ చూసింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చి, చివరికి మళ్ళీ తల్లి మొహం చూసింది. తల్లి ఇంకా నవ్వుతోంది. సున్నాలా ఉన్న ఆ పెదాలు వణికాయి, వంకర తిరిగాయి. లోపల దేన్నో పట్టుకున్న పట్టు వదిలేసింది.

తాడు మూడు పాయలూ ఒక్కసారే తెగిపోయాయి. బొక్కెన దబ్బుమని పడి, సీసపు గుళ్ళు దుకాణమంతా దొర్లాయి. డాక్టరు ఎగిరి బూట్లు కాపాడుకున్నాడు.

"ఛ! ఇదా పట్టులాంటి జుట్టు?" అన్నాడు.

"ఇంకోసారి కట్టి చూద్దామండీ, ముడి జారిందేమో," అంది అత్తగారు. తెగిన ముక్కల్నే కట్టి ఇంకోసారి చూశారు. పిల్ల ఏడుస్తోంది, దాని ప్రాణం దాని దగ్గర లేదు. ఒక్క సంచికే తెగింది. మూడోసారి డాక్టరు ఉత్త చేతుల్తో లాగినా తెగిపోయింది. అతను ఆ ముక్కల్ని బల్లమీద పడేసి, చేతులు దులుపుకున్నాడు. "నైలాను నయం."

తండ్రి పిల్లని బల్లమీంచి దించాడు. తిట్టలేదు. కొనేవాళ్ళకి చోటు చెయ్యడానికి సంచీ దించినట్టు దించి, "లోపలికి పో, ములుకులు తొక్కుతావు," అన్నాడు.

"తల్లిదే ఇవ్వండి. రెండు పాయలున్నా ఆగింది," అన్నాడు డాక్టరు. "పాతది కాదు, కొత్తగా అల్లించండి. ఎంత ఉంటే అంత."

కత్తెర తెచ్చారు. కోడలు పీట మీద కూర్చుని తలవంచింది. ఈసారి చెవుల దాకా కాకుండా మొదలంటా కోశారు. లోపలి గుమ్మంలో నిలబడి పిల్ల చూస్తూ ఉంది. అదీ పూర్తయ్యాక కోడలు లేచి దాని దగ్గరికి వెళ్ళి చేతులు చాపితే, పిల్ల వెనక్కి వెనక్కి జరిగి, నీళ్ళతొట్టి అవతలికి పోయింది.

పోటీ రోజున డాక్టరు మీసాల చేపని కొట్టాడు. ఆ రోజంతా కోడలు పెరట్లో చేతిపంపుని రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. వదిలెయ్యాలని ఆవిడకి అనిపించలేదంటే అబద్ధం. కానీ తనది తెగితే మళ్ళీ పిల్ల తలవైపు చూస్తారు. సాయంత్రానికి చేప ఒడ్డుకొచ్చింది. పత్రికలో డాక్టరు ఫొటో వేశారు.

*

పనికిరాని జుట్టని తేలిపోయాక ఆ పిల్ల జుట్టుని ఎవరూ పట్టించుకోలేదు. అది పెరిగింది. భుజాలు దాటింది, నడుము దాటింది, కూర్చుంటే కింద కుప్ప పడేంతైంది. వీధిలో పిల్లలు కొన్నేళ్ళపాటు 'చేపమొహం' అని పిలిచారు, తర్వాత వాళ్ళూ మర్చిపోయారు. పిల్ల మర్చిపోలేదు. స్నానం చేశాక ఆ పొడుగాటి జుట్టంతా తనే విప్పుకుని, తనే చిక్కు తీసుకుని, తనే జడ వేసుకునేది. చేతులు నొప్పిపుట్టి ఆగిపోయినా సరే, తల్లిని ముట్టుకోనిచ్చేది కాదు.

"ఇటివ్వమ్మా, నేను దువ్వుతాను," అనేది కోడలు అప్పుడప్పుడు.

"అక్కర్లేదు."

ఎందుకలా నవ్విందో తల్లి చెప్పలేదు. చెబితే పిల్ల ఎక్కడ మళ్ళీ పట్టుకోవడం మొదలుపెడుతుందోనని భయం. తల్లి కోసమైనా పట్టుకునే పిల్లే అది.

పెద్దదై, చదువుకుని, దూరంగా ఒక నగరంలో ఉద్యోగం తెచ్చుకుంది. వెళ్ళేరోజు నాయనమ్మకి చెప్పింది, తండ్రికి చెప్పింది. తల్లికి "వెళ్తున్నా" అని మాత్రం అంది. బస్సు కదిలి, మలుపు తిరిగిపోయింది.

కోడలు ఇంట్లోకి వచ్చి పిల్ల గదిలో దుప్పటి మడతపెడుతుంటే తలగడ మీద ఒక వెంట్రుక కనిపించింది. నల్లగా, బారెడు పొడుగున, మెరుస్తోంది. మంచంమీద కూర్చుని దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏళ్ళ తరబడి ముట్టుకోనివ్వని జుట్టు కదా, కొసనుంచి కొసదాకా వేలితో నిమిరింది. పిల్ల ఇప్పుడు ఆ బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది కదా, తెలుస్తుందేమో, ఎవరా అని ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోననిపించి, మెల్లిగా, పసిపిల్ల చెవి పట్టుకున్నంత మెల్లిగా, ఒక్కసారి లాగింది.

వెంట్రుక తెగిపోయింది.

ఎవరి వెంట్రుకైనా తెగినట్టే తెగింది. అటువైపు పట్టు అన్నదే లేదు.

"అమ్మయ్య," అనుకుంది కోడలు. పైకే అంది. అన్నాక రెండు ముక్కల్నీ ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు అక్కణ్ణుంచి లేవలేకపోయింది.

"ఏమే క్రాపూ," దుకాణంలోంచి అత్తగారి గొంతు పిలిచింది. "బయట ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఎటువైపు పడుతున్నాయే ఈవేళ?"